దేని పని దానిదే

ప్రోగ్రామరైన మా బావ ముందు, అన్ని పనులూ ఒకేచోట చేసిపెట్టే మైక్రోసాఫ్ట్ వాళ్ళ విజువల్ స్టూడియో పేరెత్తకూడదు. ఎత్తామా, ఉపన్యాసమే. "రాయడానికొకటి, కంపైల్ చెయ్యడానికొకటి, తప్పులు పట్టడానికొకటి. దేని పని దానిదే బామ్మర్దీ! అన్నీ ఒక్కరి నెత్తిన పెడితే ఏదీ సరిగా జరగదు." ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు ఒంటిచేత్తో లాక్కొచ్చే మా అక్క ఈ మాట విన్న రోజు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి.

ఆయన సరంజామా: రాయడానికి విమ్, కంపైల్ చేయించడానికి మేక్, తప్పులు పట్టడానికి జీడీబీ, వెతకడానికి గ్రెప్. అంతా నల్లతెర మీదే. మౌసు ముట్టుకుంటే మైల. 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ మేక్‌కి ఓ పట్టింపు ఉంది: ఆజ్ఞ రాసిన వరస ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేసులు కొడితే ససేమిరా అంటుంది. కంటికి రెండూ ఒకటే ఖాళీ. ఓ పండగపూట బావ ఆ ఖాళీలో ఖాళీని వెతుకుతూ కూర్చుంటే గారెలు చల్లారిపోయాయి. దొరికాక, "చూశావా, ఇది మనిషికి క్రమశిక్షణ నేర్పుతుంది" అన్నాడు!

ఇంతా చేసి ఈయన సీ భాష నేర్చుకున్నది కాలేజీ ల్యాబులో, టర్బో సీ నీలం తెర మీద. రాయడం, కంపైల్ చెయ్యడం, నడపడం అన్నీ అక్కడే. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే చాలు. దాన్ని చేసిన బోర్లాండ్ వాళ్ళు 1983లోనే టర్బో పాస్కల్‌తో ఈ సుఖం 49.95 డాలర్లకు అమ్మారు. గుర్తుచేస్తే, "ఏదో తెలియని వయసు" అని మాట మారుస్తాడు.

అయితే ఒకటి చెప్పాలి. అర్ధరాత్రి మా ఆఫీసు సర్వరు పడిపోతే, అందులో విమ్‌కి తాతలాంటి వీఐ ఎడిటర్ తప్ప మరేం లేకపోతే, నేను ఫోన్ చేసేది ఈయనకే. దుప్పటి తీయకుండానే ఏ మీట నొక్కాలో చెబుతాడు. విసుక్కోడు. మర్నాడు చుట్టాలందరికీ చెబుతాడు, అంతే.

మొన్న ఆయన విమ్ తెర చూశాను. ఎడమవైపు ఫైళ్ళ చెట్టు, కింద టెర్మినలు, సగం మాట కొడితే మిగతా సగం అందించే జాబితా. ఏళ్ళ తరబడి ప్లగిన్లు అతికించి, ప్రోగ్రాంల కన్నా పొడుగు సెట్టింగుల ఫైలు రాసి, చివరికి తను తిట్టే వస్తువునే చేతితో నేసుకున్నాడు. "బావా, ఆ మాటలందించే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మైక్రోసాఫ్ట్ వాళ్ళు తమ ఎడిటర్ వీఎస్ కోడ్ కోసం చేసిందే కదా!" అన్నాను.

ఆ వారమంతా నా ఫోన్ ఎత్తలేదు. మా సర్వరు పడిపోయిందీ ఆ వారమే.