అయిదో ప్రమాణం

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ గ్రామం నుంచి శీతకాలంలో కేదార్‌కంఠ శిఖరానికి బయలుదేరే నవ పర్వతారోహకుడు బూట్ల రంగు, కెమెరా ఛార్జింగ్, ఆఫీసు సెలవు మూడింటినీ ముమ్మారు సరిచూసుకుంటాడు గాని, దారిలో మంచు ఎంతుందన్న ప్రశ్నకు మాత్రం నిరుడెవరో తీసిన రీలునే ప్రమాణంగా స్వీకరిస్తాడు. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలనే అంగీకరించగా, అయిదోదిగా రీలును చేర్చిన ఘనత ఈ తరానిదే. వాతావరణం చూసే బయలుదేరామని వాదించేవారు సైతం చూసేది డెహ్రాడూన్ ఉష్ణోగ్రతనే. వెయ్యి మీటర్లు పైకి వెళితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనీ, సుమారు 1,950 మీటర్ల సాంక్రీకీ 3,800 మీటర్ల శిఖరానికీ నడుమ ఆ లెక్కన పన్నెండు డిగ్రీల తేడా ఉంటుందనీ వారు గుణించరు.

హిమసంపాతం, అనగా వాలు మీద పేరుకున్న మంచు పొర ఒక్కసారిగా జారి విరుచుకుపడటం, ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, అందునా కొత్త మంచు కురిసిన ఒకటి రెండు రోజుల్లో సంభవిస్తుంది గనుక, చండీగఢ్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఆ ముప్పుపై హెచ్చరికలు ఇస్తుంది; వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వేరుగా ఇస్తుంది. (నారింజ తన జాకెట్‌కు నప్పిందని మురిసేవాడూ ఉండవచ్చు.) 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా–2 శిఖరం వద్ద హిమసంపాతంలో పాతిక మందికి పైగా మరణించినది శిక్షణలో ఉన్న పర్వతారోహకుల బృందంలోనే.

నిన్న పైనుంచి దిగివచ్చిన గైడ్ సాంక్రీలోనే ఉంటాడు, అడిగి ఎక్కండి.