పొడుగు పళ్ల పిచ్చి

నేను తెలివైనవాణ్ణనుకుంటూ చేసిన పనుల్లోకెల్లా ఖరీదైనది మా ఇంటి ముందే నిలబడి ఉంది. పుంగనూరు నుంచి ఎవరొచ్చినా మొదట నా ట్రాక్టర్ వెనక టైర్లు చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఏమీ అడగరు. అడిగితే బాగుండేది, ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేవాణ్ణి.

మా నేల సంగతి ముందు చెప్పాలి. మాది ఎర్ర గరప నేల. గుట్టల రాయి అరిగి పొడైన మన్ను, ఎంత వాన పడినా ఇట్టే ఇంకిపోతుంది. బోరులో నీళ్లున్నవాడు టమోటా, మల్బరీ పెడతాడు. లేనివాడు వానకు ఎదురుచూస్తూ చెనక్కాయలు వేస్తాడు. వరి అంటే చెరువు కింది కయ్యల్లోనే, అదీ చెరువు నిండిన ఏడు. గోదావరి పక్క లాగా ఏటా మోకాటి లోతు అడుసులో దిగే పని మా ట్రాక్టర్లకు రాదు. నా బండి ఏడాదిలో ఎక్కువ కాలం తిరిగేది తారురోడ్డు మీద. పేడెరువు, ఇటుకలు, వరిగడ్డి, కాలం కలిసొస్తే మార్కెట్టుకు టమోటా బాక్సులు. ఆ తర్వాత మెట్ట దుక్కి. అడుసు పని అన్నిటికన్నా చివర. ఇది నాకు తెలియని సంగతేం కాదు. డీజిలు పోయించేది నేనే, బాడుగలు రాసుకునేదీ నేనే.

తెలిసి తెలిసీ ఎట్లా చెడానో చెప్పాలంటే 2021 నవంబరు వానల దగ్గర మొదలుపెట్టాలి. రాజంపేట పక్క అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది చూడండి, ఆ వానలు. మా పక్క కంపచెట్లు మొలిచిన చెరువు కూడా మొరవ పోయింది. ఇంకేం, కయ్యలున్న ప్రతివాడికీ ఒకేసారి బండి కావలసొచ్చింది. నాదీ దిగింది. దిగి కూరుకుంది. గెనిమ మీద నిలబడినవాళ్లు నవ్వారు, అందులో మా చిన్నాయన ఒకడు. ఆయన బండి నాదానికన్నా చాలా పాతది, టైర్లు అరిగి బోడిగా ఉంటాయి. అది మాత్రం కూరుకోలేదు. ఎందుకని ఆయన్ను అడిగుంటే ఈ కథ అక్కడే అయిపోయేది. నేను అడగలేదు. అడిగితే ఆయనకు తెలిసినట్టూ, నాకు తెలియనట్టూ అవుతుంది కదా.

ఆ చలికాలంలోనే మా అక్క కొడుకు అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. వాడు యూటాలో, సాల్ట్ లేక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వీడియోలో నడుం లోతు మంచు, కొండవాలు, దాని మీద స్నోమొబైల్ అనే మంచుబండి. ముందు రెండు స్కీలు. వెనక చక్రాల్లేవు, వెడల్పాటి రబ్బరు పట్టా ఒక్కటే గిర్రున తిరుగుతోంది. పట్టా మీద అడ్డంగా పళ్లు. బండి కొండెక్కుతుంటే వెనకాల మంచు ఇంటెత్తు లేస్తోంది. దుక్కి దున్నేవాడికి ఆ దృశ్యం చూస్తే ఏమవుతుందో చెప్పలేను, నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

"ఆ పళ్లెంత పొడుగురా?" అని అడిగాను.

"3 అంగుళాలు మామా. పట్టా చుట్టు 165, వెడల్పు 16. నీ బండికి ఇట్లాంటిది వేసుకుంటే చెరువులోనే దున్నుకోవచ్చు."

వాడు ఎగతాళికి అన్నాడు. నేను 3 ఒక్కటే చెవిలో వేసుకున్నాను. 165, 16 నాకు అక్కర్లేదనిపించింది. బండిని మంచు మీద నిలబెట్టేది ఆ రెండు అంకెలే అని అప్పటికి తెలీదు. పట్టా చుట్టులో నేలను తాకేది సగం కూడా ఉండదు. అయినా మనిషితో కలిపి బండి బరువంతా అంత వెడల్పున పరుచుకుంటే చదరపు అంగుళానికి ఒక్క పౌండు కూడా పడదు. ట్రాక్టర్ టైరు నేలను ఎంత నొక్కుతుందో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది: లోపల ఎంత గాలి పట్టించామో కింద దాదాపు అంతే ఒత్తిడి. నా టైర్లలో 16 పౌండ్లుంది. ఈ తీసివేత అయిదో తరగతి పిల్లకాయ కూడా చేస్తాడు.

ఈ బండి పుట్టిన కథ కూడా వాడే చెప్పాడు. కెనడాలో క్యూబెక్ పక్క బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడట. 1934 చలికాలంలో వాళ్ల చిన్నపిల్లవాడికి జబ్బు ముదిరితే, మంచుకు దారులు మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పళ్లచక్రంతో రబ్బరు పట్టా తిరిగే ఏర్పాటు చేసి 1937లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1959లో ఒక్కరిద్దరు ఎక్కే చిన్న మంచుబండిని స్కీ-డూ పేరుతో అమ్మకానికి పెట్టాడు. అంతకన్నా ముందే, 1904లో, కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర హోల్ట్ అనే ఆయన మెత్తటి డెల్టా నేలలో కూరుకుపోతున్న ఆవిరి ట్రాక్టర్‌కు వెనక చక్రాలు తీసేసి చెక్కపలకల పట్టా తొడిగాడు. అంతకుముందు ఆ నేలకోసం చక్రాలు వెడల్పు చేసి, ఇంకా వెడల్పు చేసి, బండి దారిలో పట్టనంత చేశారు. ఇద్దరూ వెతుక్కున్నది వెడల్పు. ఇవన్నీ విని నేను మదనపల్లె పోయి పళ్లు కొన్నాను.

టైర్లలో రకాలున్నాయి. ఆర్-1 అంటే మామూలు సేద్యానికి. ఆర్-2 అంటే వరి, చెరకు అడుసులకు, దాని పళ్లు ఆర్-1 పళ్లకు దాదాపు రెట్టింపు ఎత్తు. నా బండికి కంపెనీ ఇచ్చింది 12.4-28, ఆర్-1. నేనడిగింది 13.6-28, ఆర్-2. అంగడాయన మంచివాడు. "ఇవి కోస్తా పక్క పోయే సరుకన్నా, మీ నేలకెందుకు? కయ్యల కాలంలో ఇనప చక్రాలు అడిగి తెచ్చుకోండి, పనయ్యాక విప్పి పక్కన పెట్టొచ్చు, రోడ్డు మాత్రం ఎక్కించకండి" అన్నాడు. సరుకు అమ్మేవాడే వద్దంటున్నాడంటే మనిషన్నవాడు ఆగాలి. నేను దాన్ని అవమానంగా తీసుకున్నాను. మా నేల గురించి నాకు చెప్పేదేంది అని.

బిగించే దగ్గర ఇంకో ఘనకార్యం చేశాను. ట్రాక్టర్ టైరు పళ్లు బాణం ఆకారంలో ఉంటాయి. వెనక నిలబడి చూస్తే బాణం మొన పైకుండాలి. అప్పుడే చక్రం తిరిగేటప్పుడు మొన ముందు నేలను తాకి, బురదను రెండు పక్కలకూ తోసేసుకుంటూ పోతుంది. పంచరు షాపు పిల్లవాడు అట్లాగే పెట్టబోయాడు. నేను ఆపాను. మొన కిందికి ఉంటే గదా నేలలో దిగేది అన్నాను.

"లేదన్నా, మొన పైకుండల్ల," అన్నాడు వాడు. గొంతులో అనుమానమే లేదు.

"ఎన్నేళ్లుగా సేద్యం చేస్తాండాను రా నేను?"

వాడు ఇంకేం మాట్లాడకుండా రెండు టైర్లూ తిప్పి బిగించాడు. మధ్యలో ఒకసారి టైరు పక్కన పోతపోసి ఉన్న గుర్తు మీద నుంచి చేత్తో మట్టి తుడిచాడు. తిరగాల్సిన దిక్కు చూపే బాణం అది. నాకు కనబడాలనే తుడిచాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను టీ తాగుతున్నాను.

అంతటితో ఆగానా? బరువుంటే పట్టుంటుందని రెండు ట్యూబులకూ ముప్పావు వంతు నీళ్లు పట్టించాను. ఒక్కో చక్రానికి వంద కేజీల పైచిలుకు పెరిగింది. మెట్టదుక్కిలో అది మంచి పద్ధతే. నేను సిద్ధమవుతున్నది అడుసుకు.

రోడ్డెక్కగానే బండి గొణగడం మొదలుపెట్టింది. పొడుగు పళ్లు తారు మీద ఒక్కొక్కటిగా వంగి లేస్తుంటే సీటు కింద నుంచి వణుకు వెన్నులోకి ఎక్కేది. చక్రం వ్యాసం రెండంగుళాలు పెరిగింది కాబట్టి అదే గేరులో బండి కాస్త వడిగా పోతుంది, అదే లెక్కన లాగే బలం తగ్గుతుంది. ఇటుకల లోడుతో మిట్టెక్కేటప్పుడు ఒక గేరు కిందికి దించాల్సి వచ్చేది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు తగ్గి, నాలుగు చినుకులు పడితే చాలు మట్టి ఇరుక్కుని రాసుకునేది. ఎవరైనా అడిగితే "కొత్త టైర్లు కదా, కుదురుకోవాలి" అనేవాణ్ణి.

అసలు పండగ చెరువు ఎండిన వేసవిలో జరిగింది. పూడిక మట్టి తోలుకుంటున్నారు. మా గరప నేలకు చెరువు మట్టి తోలితే తేమ నిలుస్తుంది, ఎరువు కూడా. చెరువులోపల పైన అంతా ఎండి, నెర్రెలిచ్చి, అరికాలికి గట్టిగా తగులుతుంది. కింద ఇంకా పచ్చి. పైపొర తెగనంతవరకూ ఫరవాలేదు. చిన్నాయన తెల్లవారే టైర్లలో గాలి కొంచెం దించుకుని, బోడి టైర్లతో ఆ పొర మీద ఒత్తినట్టు ఒత్తకుండా నాలుగు తోలకాలు తోలేశాడు. నేను నా పళ్లతో, నా నీళ్లతో దిగాను. పైపొరను కొడవలి పెట్టి కోసినట్టు కోసుకుంటూ పోయాను. కయ్యలో అయితే అడుసు కింద ఏళ్ల తరబడి దున్ని దున్ని గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది, పొడుగు పళ్లు అక్కడ అందుకుంటాయి. చెరువు పూడికలో ఆ పొర లేదు. తవ్వేకొద్దీ ఒండ్రే. తిరగేసి బిగించిన పళ్లు బురదను బయటికి తోయాల్సింది పోయి లోపలికి పోగుచేసుకుంటున్నాయి. కాసేపటికి పళ్లు కనబడలేదు, నున్నటి మట్టి ముద్దలు రెండు తిరుగుతున్నాయి.

ట్రాలీ విప్పించి, మొదటి గేరు వేసి, యాక్సిలేటరు పూర్తిగా ఇచ్చి క్లచ్చి టక్కున వదిలాను. ముందు చక్రాలు లేచాయి. బానెట్టు అంచు నా కళ్లముందు చెరువుకట్టను దాటి పైకి వచ్చింది.

"క్లచ్చి తొక్కరా నాయనా!" చిన్నాయన కేక.

కాలు దానంతట అదే తొక్కింది. ముందు భాగం దబ్బున పడింది. వెనక చక్రం కదలలేకుండా బిగుసుకుంటే ఇంజను బలం బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. వెనక్కి తిరగబడడానికి పట్టే వ్యవధి ఒకట్రెండు సెకన్లు, తోలేవాడు అనుకునే లోపల అయిపోతుంది. ఎవరో చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి లాగిద్దామన్నారు. చిన్నాయన వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. దుంగ కడితే చక్రం ఇంకా బిగుసుకుంటుంది, అట్లా బండి కింద పోయినవాళ్లను ఆయన ఎరుగు. రివర్సులో ప్రయత్నించమన్నాడు. అప్పటికి ఇరుసు మట్టిని ఆనుకుంది. మట్టి నింపుతున్న జేసీబీనే పిలిచి లాగించాం. అది పని ఆపి వచ్చినంతసేపూ మిగతా ట్రాక్టర్లు వరసలో నిలబడ్డాయి. బాడుగ నేనిచ్చాను, నవ్వడం వాళ్లు నవ్వారు.

మర్నాడు అదే పంచరు షాపుకు పోయాను. పిల్లవాడు ఏమీ అనలేదు. నీళ్లు తీసేసి, టైర్లు తిప్పి, మొనలు పైకి పెట్టాడు. నేను కూలి ఎక్కువిచ్చాను. వాడు సరిగ్గా లెక్క చూసుకుని మిగతాది వెనక్కిచ్చాడు. పాత టైర్లు అప్పటికే అమ్మేశాను కాబట్టి ఇవే తిరుగుతున్నాయి. తారురోడ్డు వాటి పళ్లను రోజూ కొంచెం కొంచెం తింటోంది.

మొన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. తనూ ఒక సెకండ్‌హ్యాండ్ మంచుబండి కొన్నాడట, పట్టా మార్చాలట. రెండున్నర అంగుళాల పళ్లా, మూడా? వాడే చెబుతున్నాడు: మూడయితే పట్టా లోపల తగలకుండా నడిపే పళ్లచక్రాలు చిన్నవి వేయాలి, ఇంజను బలం ఎక్కువ తింటుంది, టర్బో లేని ఇంజనుకు ఎత్తు వెయ్యి అడుగులు పెరిగేకొద్దీ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది, వాడు పోయే కొండలు తొమ్మిది పదివేల అడుగులు. గట్టిగా చదునుచేసిన దారిలో పొడుగు పళ్లు వంగిపోయి బండిని ఈడుస్తాయి. పైగా పట్టాను మోసే ప్లాస్టిక్ పట్టీలకు మెత్తటి మంచు తగులుతుంటేనే చల్లదనం, లేకపోతే వేడెక్కి కరుగుతాయి.

"నువ్వెక్కువ తిరిగేదెక్కడరా?" అన్నాను.

"చదును దారిలోనే మామా. పిల్లలుంటారు కదా."

రెండున్నరే వేసుకోమన్నాను. చెరువు సంగతి కూడా, సిగ్గు విడిచి, మొదటినుంచీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, ఊకొట్టాడు. పోయిన వారం అక్క ఫోన్. వాడు మూడంగుళాలదే తెప్పించుకున్నాడంట, బిగించేవాడు వద్దంటే వాడితో పోట్లాడాడంట.

"ఎవరి పోలికలురా వీడికి?" అంది. నేను ఇంకేదో పనుందని పెట్టేశాను. మేనమామ పోలికలని ఊళ్లో అందరికీ తెలుసు.