మీటల మార్పిడి మేధావులు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వత్సవాయి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో ఒక రకం ఉంటారు. అరిసె నోట్లో ఉండగానే లాప్‌టాప్ తెరుస్తారు. పని చేయడానికి కాదు, మీటలు మార్చడానికి. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చేస్తారు. ఎస్కేప్ బదులు జే మీటను రెండుసార్లు కొట్టేలా పెట్టుకుంటారు. జేజే అన్నమాట. దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

మీటలు చేతికి తగ్గట్టుంటే పని పరుగెడుతుందని వీళ్ల వాదన. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో హెచ్, జే, కే, ఎల్‌లతో కర్సర్ కదిపి, ఇదంతా వేళ్ల శాస్త్రం అంటారు. 1976లో బిల్ జాయ్, విమ్‌కు మూలమైన వీఐ రాసేటప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు విడిగా బాణం మీటలు లేవు. ఆ నాలుగు అక్షరాల మీదే బాణాలు అచ్చువేసి ఉండేవి. శాస్త్రం అంతే! అయితే దానిలో ఎస్కేప్, ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఉండేది. అది మూలకు పోయిందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమే.

తెలుగు రాయాల్సి వస్తే అసలు బండారం బయటపడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఆ నాలుగు మీటలూ ప, ర, క, త. తప్పించుకుందామని జేజే కొడితే తెర మీద ‘రర’ పడుతుంది. లైను చెరపడానికి డీడీ కొడితే విమ్‌కు అందేది రెండు పొల్లులు. దీనికీ విమ్‌లో ల్యాంగ్‌మ్యాప్ అనే సెట్టింగు మందుంది. అంటే మార్పిడికి ఇంకో మార్పిడి.

ఈ జబ్బును మన డీటీపీ సెంటర్లు ఎప్పుడో చూశాయి. తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ అనూలో యాపిల్ లేఅవుట్ నేర్చిన ఆపరేటర్ని మాడ్యులర్ లేఅవుట్ ముందు కూర్చోబెట్టండి. పెళ్లిపత్రికలో వధువు పేరు దగ్గరే చేతులెత్తేస్తాడు. పాపం, అతనికది బతుకుతెరువు. మన కుర్రాడికి సరదా.

ఆ సరదా సొంత లాప్‌టాప్ దాటిందా, గోవిందా. నందిగామలో ఏ నెట్ సెంటర్‌లోనో ఉద్యోగం ఫారం నింపుతూ, ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ అలవాటు కొద్దీ ఒక ముక్క కత్తిరిద్దామని కంట్రోల్ డబ్ల్యూ కొడతాడు. బ్రౌజర్‌లో అది ట్యాబ్ మూసే ఆజ్ఞ. సగం నింపిన ఫారం మాయం. వెనక వరుసలో నిలబడ్డవాళ్ల సణుగుడు మాత్రం మిగులుతుంది.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు నిక్షేపంగా మార్చుకోండి, ఎవరూ కాదనరు. మిగతావాళ్లకు ఒకటే మనవి: మీ సొంత కీబోర్డును ఏమైనా చేసుకోండి, ఆ అలవాటును నెట్ సెంటర్‌కు మాత్రం తీసుకెళ్లకండి.