శైత్యోపచారములు

శక్తికి నాశము లేదు. రూపాంతరమో స్థానచలనమో మాత్రమే కలదు. ఒకచోటు చల్లబడినదనగా తఱచు మఱియొకచోటు వేడెక్కినదని అర్థము. బెజవాడలోని ఒక కళాశాలయందు భౌతికశాస్త్రోపన్యాసకుడనై ఉన్నంతకాలము ఈ సూత్రమును నల్లబల్లమీద సుద్దముక్కతో ఏటేట నిరూపించుచు వచ్చితిని గాని, దాని సంపూర్ణార్థము ఉద్యోగవిరమణానంతరము అమెరికా దేశమునకు పోయి, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు ఉత్తరదిశగా నున్న ఫ్రిస్కో పట్టణములో, నిండు వేసవిలో, మా అల్లుడుగారి గరాజునందు నిలిచిన తరువాత గాని నాకు బోధపడలేదు.

మా అల్లుడుగారు సాఫ్టువేరు ఉద్యోగి, మితభాషి, కాఫీ తప్ప వేఱొక దురభ్యాసము లేనివారు, పెద్దలయెడ భయభక్తులు, పిన్నలయెడ వాత్సల్యము గలవారు. ఇన్ని సుగుణములను ఒకవైపున ఉంచి, రెండవవైపున వారి 2004వ సంవత్సరపు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐ అను మోటారుబండిని ఉంచినచో, గృహశాంతికి సంబంధించినంతవరకు త్రాసు బండివైపే మొగ్గును. ఆ జాతి బండి అమెరికా విపణిలో అడుగుపెట్టినది ఆ సంవత్సరపు నమూనాతోనేయట. రెండున్నర లీటర్ల ఇంజను. నాలుగు సిలిండర్లు ఇరువైపులకు వెల్లకిల పరుండి ఎదురెదురుగా తన్నుకొనుచుండును. 300 అశ్వముల బలము. బానెట్టునడుమ గాలిని మ్రింగుటకై పైకి లేచిన పెద్ద నాసారంధ్రము. ముందుభాగమున ఆరు నక్షత్రముల చిహ్నము. ఆ నక్షత్రములు మన కృత్తికలే. కృత్తికకు అధిదేవత అగ్నిహోత్రుడు. అట్టి నక్షత్రమును నుదుట ధరించిన వాహనమునకు ఒడలి వేడి తగ్గింపబూనుట సాహసమని నాకు ఆదియందే తోచినది గాని, అల్లునితో జ్యోతిషము చర్చించిన మామకు రెండవపూట కాఫీ ఆలస్యమగునని యెఱిగినవాడనై మిన్నకుంటిని.

వేడి ఎక్కడినుండి వచ్చినదో పాఠకునికి చెప్పుట ఉపన్యాసకధర్మము. ఈ బండికి టర్బో అను ఉపకరణము గలదు. 1905లోనే ఆల్‌ఫ్రెడ్ బ్యూషి అను స్విట్జర్లాండు ఇంజనీరు ఆ ఆలోచనకు పేటెంటు పొందెను. ఇంజను విడిచిన పొగ ఒక చక్రమును నిమిషమునకు లక్షకు పైబడిన పర్యాయములు త్రిప్పగా, అదే ఇరుసుమీది రెండవ చక్రము బయటిగాలిని ఒత్తి ఇంజనులోనికి కుక్కును. కుక్కిన గాలి వేడెక్కక మానదు. సహజముగనే 38 సెంటిగ్రేడు డిగ్రీల వేడి గల టెక్సాసు గాలిని రెండింతల పీడనమునకు ఒత్తినచో, నష్టమెఱుగని ఆదర్శయంత్రమునందు కూడ అది సుమారు 106 డిగ్రీలకు చేరును. నూటికి డెబ్బది పాళ్ల దక్షత గల లౌకికయంత్రమునందైనచో సుమారు 135 డిగ్రీలకు పోవును. వేడిగాలి పలుచన, పలుచని గాలిలో ప్రాణవాయువు తక్కువ. అంతియ కాదు, వేడి మితిమీరినచో సిలిండరులోని పెట్రోలుమిశ్రమములో కొంత భాగము, మంట తన్ను చేరక మునుపే తనంతట తానంటుకొని, యంత్రమును లోపలినుండి ఠంగుఠంగున మ్రోగించును. ఈ ఉపద్రవమును వారించుటకై టర్బోకును ఇంజనుకును నడుమ సన్నని అల్యూమినియపు మార్గములు గల ఒక పెట్టెను పెట్టి, లోపల వేడిగాలిని, వెలుపల చల్లగాలిని నడుపుదురు. దానినే ఇంటర్‌కూలరందురు. 135 డిగ్రీల గాలిని అది 60 డిగ్రీలకు దింపగలిగినచో, అదే చోటులో సుమారు అయిదవవంతు ఎక్కువ గాలి ఇముడును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బి-17 బాంబరులును, పి-38 లైట్నింగు యుద్ధవిమానములును పలుచనిగాలి గల మహోన్నతాకాశమున ఎగురుటకు ఈ సాధనమునే ఆశ్రయించినవి.

సుబారువారి పెట్టె ఇంజనునకు సరిగా పైన, బానెట్టుమీది నాసారంధ్రము క్రిందుగా ఉండును. దీనికి హేతువు లేకపోలేదు: గాలి నడువవలసిన దారి పొట్టిదగును; కాలు నొక్కినంతనే ఇంజను పలుకును; బండి పరుగెత్తుచున్నంతసేపు ఎదురుగాలి పెట్టెను చల్లార్చుచునే యుండును. అయితే డల్లాసు నార్త్ టోల్‌వేమీద సాయంకాలము ఆఱుగంటలకు ఎవని బండి పరుగెత్తును? నిలిచిన బండిలో క్రిందినుండి ఇంజను వేడి పైకెగసి, చల్లార్చవలసిన పెట్టెనే కాల్చును. ఇందులకై ఆ 2004వ సంవత్సరపు బండిలో వెనుక డిక్కీయందొక నీళ్లతొట్టియు, చోదకుని ముందొక మీటయు ఉంచినారు. మీట నొక్కినచో పెట్టెమీద నీరు చిలుకరింపబడును. బెజవాడ ఎండలలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, చెంబుతో నీళ్లు చల్లుచు బాల్యము గడపిన నాకు, మోటారుబండికి గూడ ఆ భాగ్యము పట్టినదని విని కన్నులు చెమర్చినవి. అల్లుడుగారికి మాత్రము అది చాలలేదు. ఆ పెట్టెకంటె లావును వెడల్పును హెచ్చుగా గల మఱియొక పెట్టెను, బయటి తయారీదారుని యొద్దనుండి తెప్పించిరి.

అట్టపెట్టె గుమ్మములోనికి వచ్చిననాడే మా అమ్మాయి న్యాయస్థానమును తెఱచినది.

“నాన్నా, మీరైనా చెప్పండి. ఈయన ఆ బండిలో వెళ్ళేది ఆఫీసుకీ, కరివేపాకు తేవడానికీ. ఆ రెంటికీ ఇంత చల్లగాలి ఎందుకు?”

“శాస్త్రం ప్రకారం అల్లుడుగారి మాట సరైనదేనమ్మా,” అంటిని.

“శాస్త్రం అడగలేదు నాన్నా, న్యాయం అడుగుతున్నాను.”

నేను వార్తాపత్రికలో తలదూర్చితిని. వేడి అప్పటికే గాలినుండి గృహములోనికి సంక్రమించినదని గ్రహించుటకు ఉష్ణమాపకము అక్కఱలేదు.

ఇంటిముందు బండి మరమ్మతు చేయరాదని ఆ కాలనీ సంఘమువారి నిబంధన. కావున అల్లుడుగారు గరాజు తలుపు మూసి, బయట నున్న వేడికి లోపలి వేడిని జతచేసి, బానెట్టెత్తిరి. నాకును మనుమనికిని సహాయకపదవులు లభించినవి. మన ప్రబంధములలో విరహతాపమున వేగు నాయిక చుట్టును సఖులు చేరి, చందనము పూయుదురు, తామరాకుల పాన్పు పఱతురు, కప్పురము చల్లుదురు, వీవనలు వీతురు. ఇచ్చట సఖులస్థానమున మేము మువ్వురము. చందనమునకు బదులు చేతులనిండ నల్లని గ్రీజు. వీవనలకు బదులు పానాలు, సాకెట్లు. నాయిక మాత్రము నిర్వికారముగా నోరు తెఱచుకొని నిలిచియున్నది.

విప్పుట సులభము. సృష్టిలో విప్పుట ఎప్పుడును సులభమే. గాలిని వెనుకకు మరల్చు చిన్న కవాటమును రెండు బోల్టులు తీసి వేఱుచేసిరి. గొట్టముల మెడలకున్న క్లాంపులను వదులుచేసిరి. ప్రక్కపట్టీల బోల్టులను లాగిరి. పాతపెట్టె చేతిలోనికి వచ్చినది. ఊడదీసిన ప్రతి బోల్టును, ఏది ఎచ్చటిదో మఱపు రాకుండునట్లు, మనుమడు వంటయింటినుండి తెచ్చిన ఇడ్లీ రేకుల గుంటలలో వర్గీకరించి ఉంచెను. ఒక గుంటలో కవాటపు బోల్టులు, వేఱొక గుంటలో పట్టీలవి, నడిమి గుంటలో ఎచ్చటివో తెలియనివి. ఆ వర్గీకరణమును చూచి, పూర్వము నా ప్రయోగశాలలో ఇంతటి క్రమశిక్షణ ఎన్నడును లేకుండెనని మనసులో మెచ్చుకొనుచుండగా, వంటయింటినుండి మా ఆవిడ కంఠము వినవచ్చినది.

“ఏమండీ, పిండి పొంగి పొర్లిపోతోంది. ఇడ్లీ రేకులు ఎక్కడ పెట్టారండీ?”

మువ్వురిలో ఒక్కరమును పలుకలేదు. మాట వచ్చిన కొంతసేపటికి మనిషియు వచ్చినది. రేకులను చూచినది, గ్రీజును చూచినది, నన్ను చూచినది. బోల్టులు పెట్టినది మనుమడు, పెట్టుమన్నది అల్లుడు, చూపు పడినది నామీద. ఉష్ణము ఎల్లప్పుడును అధికోష్ణమునుండి అల్పోష్ణమునకే ప్రవహించునని నేను చెప్పిన పాఠమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు: ఆ గరాజునందు అప్పటికి చల్లగా ఉన్నవాడను నేనొక్కడనే.

బిగించుట యందు అసలు కథ ప్రారంభమైనది. క్రొత్తపెట్టె పెద్దది, దాని నోటికి సిలికాను రబ్బరు గొట్టము, ఆ గొట్టము ఇంజను కంఠమువంటి థ్రాటిలు ద్వారమునకు తొడుగవలెను. ముందువైపు సరిపోయినప్పుడు వెనుకవైపు తొలగును. వెనుకవైపు కూర్చినప్పుడు ముందువైపు అలుగును. లోపలి అంచునకు సబ్బునీరు పూసిరి, త్రిప్పిరి, ఒత్తిరి, పండ్లు బిగించిరి.

“మావయ్యగారూ, కాస్త ఆ మూల నొక్కి పట్టుకోండి.”

“ఎంతసేపు పట్టుకోవాలి అల్లుడుగారూ?”

“బిగిసేవరకూనండి.”

ఏది బిగియువరకో వారు చెప్పలేదు. నా నడుము ముందుగా బిగిసినది. మితభాషి యని నేను మెచ్చుకొన్న అల్లుడుగారు ఆ సమయమున ఆంగ్లములో కొన్ని మాటలు పలికిరి. మనుమడు వాటి అర్థమడిగెను. అవి ఇంజనీరింగు పారిభాషికపదములని తెలిపితిని. బానెట్టు అడుగునున్న గాలిదారి క్రొత్తపెట్టెకు అడ్డు తగులుచున్నదని దానిని కొంత కోసిరి. తుదకు అన్ని క్లాంపులును బిగిసినవి. ఇడ్లీ రేకుల నడిమి గుంటలో ఒక బోల్టు మిగిలినది. దానిని గూర్చి ఎవరును మాటలాడరాదని నిశ్శబ్దముగా ఒడంబడిక జరిగినది.

ఇంజనును నడిపించి కాలు నొక్కగా ఎక్కడనో బుస్సుమని ధ్వని వినవచ్చినది. గాలి కాఱుచున్నది. ఈ బండిలో లోనికి వచ్చు గాలిని కొలుచు పరికరము టర్బోకు ముందుండును. కొలిచిన తరువాత గాలి కాఱిపోయినను ఇంజను కంప్యూటరునకు ఆ సంగతి తెలియదు. రాని గాలికి గూడ లెక్కకట్టి పెట్రోలు పోయుచుండును. దీనికి చికిత్స గలదు. టర్బో ముఖమును మూసి, కంప్రెసరుతో లోపలికి గాలి నింపి, అతుకులన్నింటిమీద సబ్బునీరు చల్లవలెను. ఎచ్చట నురుగుబుడగలు లేచునో అచ్చట లోపము. ఆ మధ్యాహ్నమంతటిలో పరిపూర్ణానందమును పొందినవాడు నా మనుమడు. తండ్రి గాలి నింపుచుండగా, కుఱ్ఱవాడు సీసాతో సబ్బునీరు చల్లుచు, థ్రాటిలు ద్వారమువద్ద లేచిన బుడగల గుత్తిని చూచి చప్పట్లు చఱచెను. క్లాంపును విప్పి, గొట్టమును సరిచేసి మఱల బిగింపగా బుడగలు ఆగినవి, కుఱ్ఱవాడు ఏడ్చెను. సమస్య తీఱినందులకు దుఃఖించు ఇంజనీరును అదివఱకు నేను చూచియుండలేదు.

సాయంకాలము పరీక్షాయాత్ర. కార్యసిద్ధి హనుమంతుని ఆలయము ఆ ఊరనే యున్నది; వాయుపుత్రుని దర్శనము వాయువ్యవహారమునకు మంగళకరమని నేనే ప్రతిపాదించితిని. త్రోవలో నా శాస్త్రజిజ్ఞాస ఆగక, “గాలి ఎన్ని డిగ్రీలు తగ్గిందండీ?” అని అడిగితిని.

అల్లుడుగారు కొంత తటపటాయించి సత్యము చెప్పిరి. గాలి వేడిని కొలుచు సాధనము గాలిని కొలుచు ఆ పరికరములోనే, అనగా టర్బోకు ముందే, ఉన్నదట. టర్బో కాచిన వేడియు, పెట్టె తీసిన వేడియు ఆ సాధనమునకు తెలియవు. మేము పడిన పాట్లన్నియు బండికి స్వయముగా అగోచరములు.

“మరి చల్లబడినట్టు ఎట్లా తెలుస్తుంది?”

“కాలికి తెలుస్తోంది మావయ్యగారూ. ఇదివరకటికంటే తేలిగ్గా లాగుతోంది.”

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు నాలుగు ప్రమాణములు చెప్పిరి. కుడిపాదము అయిదవ ప్రమాణమని నాడు ఫ్రిస్కోలో స్థాపితమైనది. దానికి ప్రతివాదము చేయుటకు నా పాదమునకు చోదకానుభవము లేదు.

కథ ఇంతటితో ముగిసినదని మా అమ్మాయి భ్రమపడినది. ఆ రాత్రి భోజనములవద్ద అల్లుడుగారు నెమ్మదిగా బయటపెట్టిరి: క్రొత్తపెట్టెకు అనుగుణముగా ఇంజను కంప్యూటరునందలి పట్టికలను మార్పింపవలెనట, గాలి చల్లనైనది కనుక టర్బో పీడనమును మఱికొంత పెంచవచ్చునట. పీడనము పెరిగినచో గాలి మఱల వేడెక్కదా అని అడిగితిని. వేడెక్కును. అప్పుడేమి చేయుదురు? ఇంకను పెద్ద పెట్టెను ఇంజనుమీదినుండి తొలగించి, బంపరు విప్పి, రేడియేటరు ముందు నిలుపుదురట. సఖులు ఇన్ని ఉపచారములు చేసిన పిమ్మట తాపము ఇనుమడించినదని మఱుపద్యములో ప్రబంధకవి చెప్పుట అతిశయోక్తి యని నేను ఇంతకాలము తలంచితిని; అది యాంత్రికశాస్త్రమునందు పరమసత్యము. మనుష్యుడు గాలిని చల్లార్చునది వేడిమీద విరక్తి పుట్టి కాదు. మఱింత వేడిని భరించుటకు అర్హత సంపాదించుకొనుటకు.

కనుక మా అమ్మాయితో ఒక్క మాట చెప్పితిని. బంపరు విప్పు ముహూర్తమును వేసవిలో పెట్టవద్దనియు, నాకు టిక్కెట్టు మాఘమాసమునకు కొనుమనియు, అప్పుడు ఆ గరాజునందు అల్లుడుగారు, మీ అమ్మ, ఇంజను, ముగ్గురిలో ఎవరినుండి వెలువడిన వేడియైనను నా వృద్ధశరీరమునకు పథ్యమే యగుననియు. వచ్చునపుడు మా ఆవిడ పెట్టెలో వేఱుగా ఒక జత ఇడ్లీ రేకులు తెచ్చెదము. వానిమీద రంగుతో “బోల్టులకు” అని వ్రాయించుట నా వంతు.