సున్నా నుంచి నాలుగు దాకా

మా రోజుల్లో వెబ్ పేజీ కదలకుండా వెనకనుంచి సర్వర్‌ని ఓ మాట అడిగి రావడమంటే పెద్ద తతంగం. ఇప్పటి పిల్లలు ‘అవెయిట్ ఫెచ్’ అని ఒక్క లైను కొట్టి టీకి లేచిపోతున్నారు.

అంతకుముందు ఆ తతంగమూ లేదు. ఫారంలో జిల్లా ఎంచుకుంటే మండలాల జాబితా కోసం పేజీ మొత్తం మళ్లీ లోడయ్యేది. డయలప్ మోడెమ్ కీచుమంటూ నడిచే కాలం; తెర తెల్లబడి, నింపిన వివరాలన్నీ ఒక్కోసారి గల్లంతయ్యేవి. గడుసువాళ్లు కనిపించని ఐఫ్రేమ్ ఒకటి దాచిపెట్టి పని గడుపుకునేవాళ్లు.

1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో అసలు సాధనం వచ్చింది. అవుట్‌లుక్ మెయిల్‌ని బ్రౌజర్లో చూపించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లు తయారుచేసుకున్న సరుకది. వాళ్ల దగ్గర అది యాక్టివ్‌ఎక్స్ ఆబ్జెక్టు. తర్వాత మొజిల్లా వాళ్లు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ పేరుతో బ్రౌజర్లోనే కలిపేశారు. దాంతో అది ఉందా, లేకపోతే ఇది ఉందా అని ప్రతి పేజీలోనూ తడుముకోవాల్సి వచ్చేది. 2006లో ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చాకగానీ ఆ పీడ తగ్గడం మొదలవలేదు. పైగా ఆ ఎక్స్‌ప్లోరర్ పాత జవాబునే దాచిపెట్టుకుని మళ్లీ చేతిలో పెట్టేది. అందుకని యూఆర్‌ఎల్ తోకకి ఆ క్షణపు టైము తగిలించి పంపేవాళ్లం.

ఇక రెడీస్టేట్, అంటే అడిగిన మాట ఎందాకా వచ్చిందో చెప్పే అంకె. సున్నా అంటే ఇంకా తెరవలేదు, ఒకటి అంటే తెరిచాం, రెండు అంటే హెడర్లు వచ్చాయి, మూడు అంటే డేటా వస్తోంది, నాలుగు అంటే ముగిసింది. నాలుగు వచ్చినా సంబరపడకూడదు. స్టేటస్ 200 అవునో కాదో చూడాలి. సర్వర్ పలక్కపోతే ఎంతసేపు ఆగాలో సెట్‌టైమవుట్‌తో మేమే లెక్క పెట్టుకుని, గడువు దాటితే అబార్ట్ చేసేవాళ్లం. విసుగే, కాదనను. కానీ అడిగిన మాట ఎక్కడ ఆగిందో మాకు తెలిసేది.

2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ అనే ఆయన దీనికి ‘అజాక్స్’ అని పేరు పెట్టాడు. జీమెయిల్ అప్పటికే నడుస్తోంది, గూగుల్ మ్యాప్స్ అదే నెలలో వచ్చింది. ఏళ్లుగా మేం చేస్తున్న చాకిరీ పేరు పెట్టగానే విద్య అయిపోయింది, అందరి రెజ్యూమేల్లోకీ ఎక్కింది. మరుసటి ఏడాదే జేక్వెరీ వచ్చి బ్రౌజర్ల గొడవ తన నెత్తినేసుకుంది. 2015లో ఫెచ్ దిగింది.

ఫెచ్ మంచిదే. కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్ దూర్చి రాసిన నాకు ఆ సుఖం తెలుసు. నా బాధల్లా వేరు. సర్వర్ 404 అన్నా, 500 అన్నా ఫెచ్ దృష్టిలో అది జవాబే. నెట్‌వర్క్ తెగితేనో, బ్రౌజర్ అడ్డుకుంటేనో తప్ప క్యాచ్‌లోకి రాదు. పోస్ట్‌మ్యాన్ కవరు తెచ్చాడు కాబట్టి ఉద్యోగం వచ్చినట్టేనని మిఠాయిలు పంచుకున్నట్టుంటుంది ఇప్పటి పిల్లల కోడు.

మొన్న మా ఆఫీసు కుర్రాడొకడు వచ్చాడు. “సార్, జేసన్ పాడైంది” అన్నాడు. కన్సోల్లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ అని ఎర్రగా పడి ఉంది, పక్కనే ఓ కోణపు బ్రాకెట్టు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిపించాను. సర్వర్ 500 ఇచ్చి, తప్పు జరిగిందని హెచ్‌టీఎంఎల్ పేజీ పంపింది. ఆ పేజీ మొదటి అక్షరాన్ని జేసన్ అనుకుని కొరికాడు మనవాడు.

“రెస్పాన్స్ ఓకేనా కాదా అని ఒక్క లైను చూడవయ్యా. గడువుకి అబార్ట్‌సిగ్నల్ తగిలించు, లేకపోతే ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది” అన్నాను.

“ఇన్నాళ్లూ ప్రొడక్షన్లో ఒక్క ఎర్రరూ రాలేదు కద్సార్!”

రాలేదని నీకెలా తెలుసయ్యా, చూస్తే కదా!