ఊరక వచ్చిన కుక్క

మా మేనమామగారు ముప్పదియైదేండ్లు జిల్లా ఖజానాలో పద్దులు చూచి విశ్రాంతి తీసికొన్నవారగుటచేత, ఏ వార్త చెవిని బడినను మొదట దాని ఖర్చును, పిదప దాని జమను, తీరిక మిగిలినచో చివర దాని మంచిచెడ్డలను విచారించుట వారి స్వభావము. మా కుక్కకు పొట్ట కోసి ఆపరేషను చేసిరని తెలిసినంతనే వారు మా యింటికి దయచేసి, వసారాలోని పడకకుర్చీలో ఆసీనులై, చెంబెడు మంచినీళ్ళు త్రాగి, కండువాతో మూతి తుడుచుకొని వేసిన మొదటి ప్రశ్న, కుక్క యెట్లున్నదని కాదు.

"దాన్ని ఎంతకు కొన్నావురా?"

"కొనలేదు మామయ్యా. కాలవగట్టు మీద వానలో తడుస్తూ కనబడితే తెచ్చుకున్నాం."

"బిల్లెంతయింది?"

"అరవైమూడువేల నూటయాభై."

వారు కన్నులు మూసికొనిరి. "పావలా కోడికి ముప్పావలా మసాలా అని వినడమేగానీ, ఆ పావలా కూడా లేని కోడికి..." అని వాక్యము పూర్తిచేయ మనసొప్పక, కాఫీ కొరకు వంటయింటివైపు చూచిరి.

ఇది మా మామగారి యొక్కరి సిద్ధాంతమే యైనచో కాఫీతో ముగిసెడిది. కాని ఆ వారములో పాలుపోయు నతడును, మేడమీది వాటాలోని ఇంజనీరుగారును, మా ఆఫీసులోని సూపరింటెండెంటుగారును, ఒకరితో నొకరు సంప్రదింపకయే, వేరువేరు మాటలతో ఈ సూత్రమునే నాకు ప్రవచించిరి: వస్తువు వెలకు మించి దాని మరమ్మతునకు వ్యయము చేయువాడు వెఱ్ఱివాడు. పాత స్కూటరుకు కొత్త ఇంజను వేయింతుమా? చిరిగిన తుండుగుడ్డకు జరీతో మాసిక వేయింతుమా? ఈ సూత్రముయొక్క సౌష్ఠవము నన్ను ముగ్ధుని జేసినది. ఇంతటి ధర్మసూక్ష్మమును కుక్కల యెడలనే వినియోగించి వదలివేయుట లోకమునకు నష్టమని తలచి, దానిని మా యింటి మనుష్యులకు సైతము అన్వయించి చూచితిని.

మా మామగారినే తీసికొందము. వారు పుట్టినపుడు మంత్రసానికి ఒక నేతచీరయు, కుంచెడు వడ్లును ఇచ్చినట్లు మా అమ్మమ్మ చెప్పుచుండెడిది. వారి కొనుబడి అంతియే. అట్టి మామగారు నిరుడు రెండు మోకాళ్ళను మార్పించుకొనిరి. నాలుగు లక్షలు దాటిన ఆ బిల్లును చీరతోను వడ్లతోను భాగించి చూచినవా రెవ్వరును మా వంశమున లేకపోయిరి, నేనును డజను బత్తాయిపండ్లు పట్టుకొని పోయి పరామర్శించితినేగాని, "మామయ్యా, నిన్నెంతకు కొన్నారు?" అని అడుగలేదు. అడుగవలసియుండెనేమో యని యిప్పుడు తోచుచున్నది.

ఇక సామెత సంగతి. కోడికి మసాలా వేయుట దానిని తినుటకు. తినబోవు వస్తువునకు వెల చూచుకొనుట గృహస్థధర్మము, కాదనను. మా భీమన్నను తినవలెనని మాకెన్నడును తోచలేదు.

భీమన్న యనునది ఆ కుక్క పేరు. వృకోదరుని పేరు పెట్టినవారము మేమే గనుక తరువాత జరిగినదానికి దానిని నిందించుట న్యాయము కాదు. మే నెలలో నూజివీడునుండి చిన్నరసాలు వచ్చినవి. రసము కోసుకొని తినునది కాదు. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, రసము పీల్చి, తోలు చీల్చి, టెంక తెల్లబడువరకు చీకి పారవేయవలసినది. ఇంటిల్లిపాదియు మోచేతుల మీదుగా రసము కారుచుండగా ఈ క్రతువును ముగించి, టెంకలను మూతలేని బుట్టలో వేసి నడుము వాల్చితిమి. యజ్ఞశేషమును భీమన్న స్వీకరించెను. తినిన కాయల లెక్క అందరును చూచుకొందురు. టెంకల లెక్క ఖజానాలో పనిచేసిన మా మామగారైనను చూడరు.

మరునాటినుండి వాంతులు. పెరుగన్నము పెట్టిన మొగము త్రిప్పుకొనెను. మూడవనాటి సాయంకాలము ముందరికాళ్ళు చాచి, రొమ్ము నేలకానించి, వెనుకభాగము మాత్రము పైకెత్తి, కదలక మెదలక నిలిచియుండగా చూచి, "దేవుడిగదికి దణ్ణం పెడుతోందిరా!" అని మా అమ్మ మురిసిపోయెను. అది దండము కాదనియు, కడుపునొప్పి భరింపలేని కుక్క పట్టు భంగిమ యనియు ఆ రాత్రి వైద్యుడు చెప్పగా విని, ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని బయటకు పోయెను.

ఆదివారము రాత్రి తొమ్మిదింటికి తలుపు తెరచియున్నది ఒక ప్రైవేటు పశువైద్యశాల మాత్రమే. దాని పేరు ఇచట అనవసరము. "భీమన్న ఫాదర్ ఎవరండీ?" అని కౌంటరులోని అమ్మాయి కేకవేసినది. భీముని తండ్రి వాయుదేవుడని చిన్ననాడే చదువుకొన్నవాడను గనుక నేను కదలలేదు. రెండవమారు పిలిచినపుడు మా ఆవిడ మోచేతితో పొడువగా, ఆ పితృత్వము నాదేయని గ్రహించి లేచితిని. నోట పలికినది తండ్రీ యని, చేత నుంచినది ఎస్టిమేటు కాగితము: రూ. 58,400. ఎస్టిమేటు అనునది పెండ్లి శుభలేఖలోని ముహూర్తము వంటిది. తరువాత జరుగునేకాని అంతకు ముందు జరుగదు.

నన్ను తండ్రిగా అంగీకరించినది ఈ భూమండలమున ఆ కౌంటరు ఒక్కటియే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము తన 80డి సెక్షనులో భార్యాబిడ్డల యొక్కయు తల్లిదండ్రుల యొక్కయు ఆరోగ్యబీమాకు మినహాయింపు చూపినదేకాని, భీమన్నను నా సంతానములో చేర్చలేదు. జి.ఎస్‌.టి. వారి దృష్టి మరింత విచిత్రము. పశువైద్యశాలలో చేయు చికిత్సకు పన్ను లేదు. పొట్లము కట్టి అమ్ము కుక్కమేతకు మాత్రము నూటికి 18 రూపాయలు. అనగా కుక్క సుఖముగా తినుచున్నంతసేపు విలాసవస్తువు, మంచము పట్టినపిమ్మట పుణ్యకార్యము.

నా ప్రక్క బల్లమీద ఒక యువదంపతులు, వారి యొడిలో తువ్వాలులో చుట్టిన లాబ్రడార్ పిల్ల. నెలక్రిందట నలుబదియైదువేలకు కొనిరట. పార్వో జబ్బు, రక్తపు విరేచనములు. ఈ వైరస్ లోకమున బయటపడినది 1978లో. టీకా వచ్చియు దశాబ్దములు గడచినవి. ఆరెనిమిది వారముల ప్రాయమున మొదలిడి విడతలుగా వేయింపవలసిన ఆ టీకాకు వందలలో పోవునేకాని వేలు కావు. "టీకాలు వేయించారా బాబూ?" అంటిని. "అమ్మినాయన వేయించానన్నాడండీ." కాగితము చూపెనా యనగా ఆ యువకుడు తల వంచుకొనెను. పిల్లను తెచ్చిన నాడు కేకు కోయించి తీసిన ఫొటో మాత్రము అతని ఫోనుమీద మెరయుచుండెను. మా మామగారి సూత్రమును పట్టి చూడగా ఆ పిల్లకు నలుబదియైదువేల రూపాయల మేరకు ప్రాణముపై హక్కు కలదు; కాలువగట్టువాడైన భీమన్నకు సున్న. కుక్కలలో కులీనులను అంత్యజులను ఏర్పరచుటకు ఇంతకంటె సులభోపాయము నాకు కనబడదు.

పొదుపు చేయబోయి కుక్కచేత పెద్దఖర్చు తెచ్చుకొన్నవారిలో ఆ యువకుడు మొదటివాడును కాడు. నన్నయ్య భారతకథ ఎత్తుకొన్నది అచ్చటనే గదా! జనమేజయుని యాగశాలలో తిరుగుచున్న కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, అన్యాయముగ దీనులను బాధించువారికి అనుకొనని భయములు వచ్చునని రాజుమొగముననే పలికి పోయెను. ఆ మాటకు వెఱచిన మహారాజు, శాంతి చేయించుటకు తగిన పురోహితుని వెదకుచు మునిపల్లెకు పోయి, శ్రుతశ్రవసుని ప్రార్థించి, ఆయన కుమారుడైన సోమశ్రవసుని వెంటబెట్టుకొని వచ్చెను. ఒక్క రొట్టెముక్కతో పోవలసిన దానికి రాజపురోహితుని నియామకమైనది. అనుకొనని భయము లనగానేమో నాకు బడిలో ఎవ్వరును విప్పి చెప్పలేదు. ఆ కౌంటరువద్ద తెలిసినది.

ఇంతమందిని వెక్కిరించుచున్న నేను ఆ రాత్రి ఏమి చేసితినో దాచుట బాగుండదు. ఎస్టిమేటు చేతబట్టుకొని, మందుల వాసనతో నిండిన నడవలో వైద్యుని ఆపి, "డాక్టరుగారూ, వీడికి ఐదేళ్ళు. ఇంకెన్నాళ్ళు బతకొచ్చండీ?" అని అడిగితిని. ఆయన నా మొగము చూడకయే, "ఎనిమిదేళ్ళు ఢోకా లేదండీ" అనెను. ఫోనులో భాగహారము చేసితిని. దినమునకు సరిగా ఇరువది రూపాయలు. ఒక కాఫీ. అప్పుడు సంతకము పెట్టితిని. నాలుగేళ్ళే యని చెప్పియుండినచో నా చేయి ఎంతసేపు ఆగెడిదో ఊహించుటకు నేటికిని ధైర్యము చాలకున్నది. మేనమామ పోలిక యని ఊరక అనరు.

ఆ బిల్లులో అన్యాయమేమియు లేదని నేను ప్రమాణము చేయను, ఐ.సి.యు. అను పొడియక్షరములక్రింద మూడు రాత్రులకు పడిన మొత్తమును చూచి నాకును గుండె ఝల్లుమన్నది. అయినను కుక్క చిన్నదైనంత మాత్రమున యంత్రము చిన్నది కాదు. ఇనుపమేకు వలె టెంక ఎక్స్‌రేలో తేటగా కనబడదు గనుక స్కాను చేయవలసివచ్చెను. మత్తునకు పట్టించు వాయువు మనుష్యులకు పట్టించునట్టిదే. ప్రేగు కుట్టిన దారము మనుష్యుల కుట్టునకు వాడునట్టిదే. రోగి నోరు విప్పి ఎక్కడ నొప్పియో చెప్పడు. మనవాళ్ళవలె చెప్పినదే పదిమార్లు చెప్పి వైద్యుని ప్రాణము తీయడు గనుక, ఆ లోటు రక్తపరీక్షలు తీర్చవలెను. పశువైద్యుడు ఐదున్నరయేండ్లు చదువవలెను. మనుష్యులను చూచు వైద్యునకు ఒకే జాతి, ఆయనకు గేదె మొదలు చిలుక వరకు.

కుక్క బిల్లు చూచి అదరిపడుటకు అసలు కారణము వేరొకటి కలదు. మన బిల్లులను మనము చూడము. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినదాదిగా బీదవాని బిల్లు సర్కారునకు పోవుచున్నది. ఉద్యోగి బిల్లు బీమా కంపెనీకి పోవుచున్నది. మా మామగారి మోకాళ్ళ కాగితములపై వారు సంతకము చేసిరేకాని అంకెల మొగము చూడలేదు. కుక్క ఒక్కటియే, ముసుగులేని బిల్లుతో, మన జేబు నెదుట వచ్చి నిలుచుచున్నది. వైద్యమునకు అయ్యెడు ఖర్చెంతో తెలియగోరువాడు తన తండ్రిని కాదు, కుక్కను ఆసుపత్రికి తీసికొని పోవలెను.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అశోకచక్రవర్తి ధర్మశాసనములు నేటికిని నిలిచియున్నవి. వానిలో రెండవది, మనుష్యులకొక చికిత్స, పశువులకొక చికిత్స, రెండును ఏర్పాటు చేయించితిననియు, ఓషధులు లేనిచోట్లకు తెప్పించి నాటించితిననియు చెప్పుచున్నది. పశువును ఎంతకు కొన్నది ముందుగా విచారించవలెనని అందు ఎచ్చటను చెక్కలేదు. ఆ చక్రవర్తి ఖజానాలో మా మామగారివంటి వారు లేకపోయిరి కాబోలు.

పాడిగేదెను నమ్ముకొని బ్రతుకు రైతు, దాని వెలయు పాలును వైద్యమును బేరీజు వేసికొన్నచో నేను నోరెత్తను. అది అతని కూడు. చేత చిల్లిగవ్వ లేక, జబ్బు కుక్కను తోపుడుబండిమీద పండుకొనబెట్టి సర్కారు పశువైద్యశాల తెరచువరకు గేటుముందు కాచుకొని కూర్చున్నవాడు నాకంటె పెద్ద తండ్రి. నా తగవు, మనుమని పుట్టినరోజునకు వీధి యీ చివరనుండి ఆ చివరకు ఫ్లెక్సీలు కట్టించి, ఆ ఫ్లెక్సీ వెలయెంత, మనుమని వెలయెంత అని ఎన్నడును భాగించి చూడక, కుక్క మంచమెక్కగానే లెక్కలపుస్తకము విప్పువారితో మాత్రమే.

భీమన్న నాలుగవనాడు ఇంటికి వచ్చెను. కుట్లు నాకకుండ మెడకు తగిలించిన ప్లాస్టిక్ గరాటాతో, లాంతరు చిమ్నీలో తల దూర్చుకొన్నట్లు, ప్రతి గుమ్మమునకును తగులుకొనుచు తిరుగుచున్నది. వైద్యుడు బయటకు తీసిన టెంకను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి నా చేతికిచ్చెను. అది అలమరలో మామగారి షష్టిపూర్తి ఫొటో ప్రక్కన నున్నది.

మామగారు ఆ సాయంకాలము కాఫీ పిమ్మట రెండు రసాలు ఆరగించి, "బాగున్నాయిరా" అని, టెంకలు రెండును వసారా పిట్టగోడమీద పెట్టి వెళ్ళిపోయిరి. వెల కట్టినచో ఒక్కొక్కటి రూ. 63,150. చదువరులు ఈ వేసవిలో టెంకలను మూతగల బుట్టలో వేసి, ఆ మూత గట్టిగా నొక్కవలెనని నా మనవి.