రంగుపొడికి స్తోత్రం

కాణిపాకంలో అబద్ధమాడకూడదు. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చెయ్యమంటే కోనేట్లో మునకేసి లేచేలోపే నిజం ఒప్పుకున్నవాళ్ల కథలు చిత్తూరు జిల్లాలో ఊరూరా చెబుతారు. ఓ రంగుపొడీ, ఆ స్వామి వాకిట్లో నిలబడే నిన్ను పొగుడుతున్నాను. ఇందులో కల్పించిన మాట ఒక్కటీ లేదు.

నీ ఓర్పు గొప్పది. వినాయక చవితి అయ్యాక బంకమట్టి విగ్రహం చెరువులో వేస్తే మెత్తబడి మట్టిలో మట్టిగా కలిసిపోతుంది. నిన్ను పూసుకున్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం అంత త్వరగా లొంగదు. ప్లాస్టర్ తడిసి గట్టిపడితే జిప్సం అవుతుంది. అది లీటరు నీటిలో రెండు గ్రాములకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. అందుకే నీళ్లు తగ్గాక తొండం ఒకచోట, కిరీటం ఒకచోట బయటపడతాయి. వాటి మీద నువ్వు ఇంకా మెరుస్తూనే ఉంటావు. మేం పండుగను మరిచిపోయినా నువ్వు మరవవు.

నీ సంపద కూడా గొప్పదే. చవక రంగుల్లో పసుపుకు సీసం, క్రోమియం, ఎరుపుకు సీసమో పాదరసమో, తెలుపుకు టైటానియం డయాక్సైడ్ ఉండవచ్చు. ఇంత లోహాన్ని ఒంటి నిండా మోస్తూ కంటికి కనిపించనంత సన్నగా నీటి మధ్య తేలగలవు.

కానీ నీ అసలు సత్తా తెలిసింది ప్రయోగశాలలో. నీరు విషమా కాదా అని తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒక ఏకకణ నాచును సాక్షిగా పిలుస్తారు. పేరు రాఫిడోసెలిస్ సబ్‌క్యాపిటాటా, రూపం నెలవంక. 1959లో నార్వేలోని నిటెల్వా నదిలో దొరికిన ఆ నాచు సంతతే నేడు దేశదేశాల సీసాల్లో పెరుగుతోంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 201వ పరీక్షా విధానం ప్రకారం విషం కలపని నీటిలో అది 72 గంటల్లో కనీసం 16 రెట్లు పెరగాలి. లేదంటే ఆ పరీక్షే చెల్లదు. అనుమానమున్న పదార్థం ఎంత కలిపితే పెరుగుదల వేగం సగానికి పడిపోతుందో చూసి విషతీవ్రతను లెక్కగడతారు.

అంత నమ్మకమైన సాక్షినీ నువ్వు తికమక పెట్టగలవు. కణాలను లెక్కించే యంత్రంలో నాచు కణాలతో పాటు నువ్వూ లెక్కలోకి వచ్చేస్తావు. నాచు తగ్గినా అంకె తగ్గదు. నీటి గుండా కాంతి పంపి కొలిస్తే ఆ కాంతిని చెదరగొట్టి లేని పెరుగుదల చూపిస్తావు. వెలుగుకు అడ్డుపడి, విషమేమీ వదలకుండానే నాచు ఎదగకుండా చెయ్యగలవు. దాని ఒంటికి అంటుకుని అడుగుకు లాగెయ్యగలవు. పోనీ నీలోంచి లోహం కరిగితే, నాచును చంపింది రంగు కణమా, కరిగిన లోహమా? 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు జింక్ ఆక్సైడ్ నానో కణాలను ఈ నాచు మీదే పరీక్షించి, విషం కరిగిన జింకుదేనని తేల్చారు. నీ గుట్టు విప్పడానికి రంగు కణాలు తీసేసిన నీటితో ఒక పరీక్ష, నీడ ప్రభావానికి వేరే పరీక్ష, నాచులోని పత్రహరితాన్ని ద్రావకంలోకి తీసి దాని ప్రతిదీప్తి కొలిచే పని ఇంకొకటి. ఇంత చిన్న దానివి, ఇంతమందికి పని కల్పించావు.

రాజ్యం కూడా నిన్ను గుర్తించింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో వాటిని కలపవద్దంది. ఆ ఒక్క ఏడాదికని సుప్రీంకోర్టు అనుమతించింది. ఇంత పెద్ద న్యాయస్థానాల మెట్లెక్కిన పొడి మరొకటి నాకు తెలియదు.

అయితే నీకు కాళ్లు లేవు. చెరువులోకి నువ్వు నడిచి రాలేదు. బాహుదా నది ఒడ్డున వెలసిన స్వామి ఇప్పటికీ బావి నీళ్లలోనే ఉన్నాడు. ఆ నీళ్లనే మేం తీర్థంగా పుచ్చుకుంటాం. నీళ్లే ఇల్లయిన దేవుడి పేరు చెప్పి, మేళతాళాలతో నిన్ను మోసుకెళ్లి నీళ్లలో పోసింది మేమే. పశువులు తాగే నీళ్లని, చేపలు బతికే నీళ్లని, మడికి పారే నీళ్లని తెలిసే పోశాం. స్తోత్రం నీకు చదివాను, నింద మాకు చెందుతుంది.

చిత్తూరు, తిరుపతి కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పే అయ్యలారా, అమ్మలారా! వచ్చే చవితికి నిమజ్జనం ముందొకసారి, తర్వాతొకసారి మీ ఊరి చెరువు నీళ్లు తెప్పించండి. పిల్లల చేత ఈ 72 గంటల నాచు పరీక్ష చేయించండి. వచ్చిన ఫలితాన్ని పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించండి. ఉత్సవ కమిటీల పెద్దలారా, విగ్రహానికి బయానా ఇచ్చే ముందు ఆ కాగితం చదవండి. రంగు పూయని మట్టి వినాయకుణ్ణే తెచ్చుకోండి.